ఎర్రగుడ్డ చుట్టిన తాళం

మా అన్న పోయిన తర్వాత వదిన అందరినీ ఒకే ప్రశ్న అడిగేది. ఆ రోజు కారు ఎందుకు స్టార్టు కాలేదు?

ఆదివారం మధ్యాహ్నం అన్నానికి కూర్చోబోతూ అన్న ఛాతీ పట్టుకున్నాడు. వాళ్ల ఇల్లు నాచారంలో. కారు గేటు లోపలే ఉండేది. ఉప్పల్ దాటగానే దవాఖానా, కారులో పోతే పెద్ద దూరం కాదు. వదినకు డ్రైవింగ్ రాదు. ఆయనే మెల్లగా నడిచి వెళ్లి సీట్లో కూర్చున్నాడు. ఇంజన్ అందుకుంది, వెంటనే ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ అంతే. మీటర్ల మధ్య తాళం బొమ్మ ఉన్న ఎర్రలైటు కొట్టుకుంటూనే ఉంది. వదిన చెప్పులు లేకుండా మెయిన్ రోడ్డుకు పరుగెత్తింది. మెట్రో స్తంభాల కోసం ఉప్పల్ చౌరస్తా అంతా తవ్విపెట్టిన రోజులవి. ఆటోలు అటు రావడానికే ఒప్పుకునేవి కావు. ఒకటి దొరకబట్టుకుని ఆమె ఇంటికి వచ్చేసరికి అన్న స్టీరింగు మీదికి ఒరిగి ఉన్నాడు. చేయి ఇంకా తాళం మీదే ఉంది.

నేనప్పుడు డ్యూటీలో ఉన్నాను. ఇదంతా వదిన నోట విన్నదే.

దినాలయ్యాక మా మేనత్త వదినతో అంది: "పానం దీసిన బండి కండ్ల ముందట ఎందుకు బిడ్డా? పాత ఇన్ప సామానోనికి ఇచ్చి పారెయ్."

"ఎందుకు ఆగిందో తెలిసినంక అమ్ముత అత్తమ్మా. తెల్వకుంట అమ్మ," అంది వదిన.

ఆమె బడిలో పిల్లలకు సైన్సు చెబుతుంది. జవాబు దొరక్కుండా పాఠం వదలదని అన్న నవ్వేవాడు. కారణం తెలిస్తే ఆమె కాస్త నిద్రపోతుందని నేను అనుకున్నాను. తెలుసుకోవడం మంచిదేనని చాలా పుస్తకాలు చదివి నమ్మినవాణ్ణి. గుమ్మం పక్క మేకుకు వేలాడుతున్న తాళంతో నేనూ తిప్పి చూశాను. అందుకోవడం, ఆగిపోవడం, ఎర్రలైటు. ఉప్పల్ రింగురోడ్డు పక్క షెడ్డులో కార్ల కరెంటు పని చేసే మెకానిక్కును ఇంటికి పిలుచుకొచ్చాను. అన్న పోయాడని మాత్రం చెప్పాను. ఎలా పోయాడో చెప్పలేదు.

"ఏంది సార్, ఇల్లరికం అల్లుని లెక్క కూసున్నదే గని కదుల్తలేదు," అంటూ అతను సీట్లోకి దూరాడు. లైటు చూడగానే తలూపాడు. "ఇంజన్ మంచిగనే ఉన్నది. ఇది దొంగలకు అడ్డం బెట్టిన తాళం సార్. తాళంచెవి తలకాయల చిన్న చిప్పు ఉంటది. స్టీరింగు కాడ గుండ్రంగ తీగచుట్ట ఉంటది, కాయిల్ అంటం. గది చిప్పును గుర్తువట్టాలె. వట్టకుంటె నువ్వు దొంగోనివని పెట్రోలు బందువెడ్తది."

కాయిల్ పోయి ఉంటుందన్నాడు. స్టీరింగు కింది ప్లాస్టిక్ మూత విప్పి, తెచ్చుకున్న వేరే కాయిల్ బిగించాడు. ఇంజన్ మళ్లీ ఆగింది. అతను కాసేపు తల గోక్కున్నాడు.

"రెండో తాళం ఉన్నదా ఇంట్ల?"

వదిన బీరువాలోంచి తెచ్చి ఇచ్చింది. అది ఇంకా కొన్నప్పటి ప్లాస్టిక్ కవరులోనే ఉంది. అతను తిప్పాడు. ఇంజన్ అందుకుంది. ఆగలేదు.

ఇన్నాళ్లూ అది బీరువాలోనే ఉందన్న సంగతి నా తలలోకి ఎక్కేలోపే అతను మొదటి తాళం పైకెత్తి పట్టుకున్నాడు. దాని తలకు ఎర్రగుడ్డ చుట్టి, దగ్గరగా కుట్టి ఉంది. అన్న పోయాక నేను ఎన్నోసార్లు పట్టుకున్న గుడ్డే. ఏదో మొక్కు కోసం కట్టిందనుకుని ఊరుకున్నాను.

"గీ గుడ్డల ఏమున్నది?"

"రాగి రేకు," అంది వదిన. "గుళ్లె పూజ జేయించి ఇచ్చిన్రు. బండి మీద పోయేటోళ్లకు మంచిదన్నరు. నేనే కుట్టిన. ఆ శుక్రవారం."

అన్న వారమంతా కంపెనీ బస్సులో పోయేవాడు. కారు తీసేది ఆదివారాలే.

మెకానిక్కు బ్లేడుతో కుట్లు తెంపాడు. పల్చటి రాగి రేకు తాళం తలను పూర్తిగా కప్పి మడిచి ఉంది. అతను గట్టిగా నవ్వాడు. "దొరికిండు దొంగ! అక్కా, మీ దేవుడు మస్తు స్ట్రిక్టు. ఓనర్ను గుడ ఎక్కనిస్తలేడు. రాగి గప్పితె చిప్పు మాట కాయిల్‌కు ఎట్ల ఇనబడ్తది?"

రేకు తీసి అదే తాళం తిప్పాడు. ఇంజన్ నడిచింది. రేకు కప్పి తిప్పాడు. ఆగింది, ఎర్రలైటు కొట్టుకుంది. నేను చేత్తో చాలని సైగ చేశాను. అతను చూడలేదు.

"ఇంకొకసారి జెయ్యి," అంది వదిన.

చేశాడు.

"మల్ల జెయ్యి."

అతని నవ్వు పోయింది. నా వైపు చూశాడు.

"ఆ రోజు గుడ గిదే లైటు," అంది వదిన. "ఆయన గీ సీట్లనే ఉన్నడు. నేను ఆటో కోసం ఉర్కిన."

అతను తాళం తీసి ఒడిలో పెట్టుకున్నాడు. "గదొక్కటే కాదక్కా. కాయిల్ గుడ ఖరాబున్నది. అందుకే మార్చిన," అన్నాడు.

"పాతది ఏది?"

"పక్కన బెట్టిన."

"మల్ల బిగించు."

"గిప్పుడెందుకక్కా…"

"బిగించు తమ్మీ."

అతను వంగి పాత కాయిల్ బిగించాడు. చాలా నెమ్మదిగా చేశాడు. ఏదో ఒకటి పాడు చేయమని అతణ్ణి అడగాలనిపించింది. వదిన అతణ్ణి దిగమని చెప్పి, తానే డ్రైవరు సీట్లో కూర్చుంది. నాకు తెలిసి అక్కడ కూర్చోవడం అదే మొదటిసారి. రేకు తీసేసిన తాళం పెట్టి తిప్పింది.

ఇంజన్ నడిచింది. పాత కాయిల్‌తోనే నడుస్తున్న దాన్ని ముగ్గురం విన్నాం. ఎవరం ఆపలేదు.

"ఆ దినం దవాఖానాల డాక్టరు అన్నడు కద వదినా," అన్నాను చివరికి. "టైముకు తీస్కపోయినా ఏమయ్యేదో చెప్పలేమని."

"నేనడిగింది గది కాదు," అంది. తాళం తిప్పి ఆపేసి దిగింది. "ఇంక అమ్మొచ్చు."

ఆమె ఏడవడం నేను చూడలేదు. ఏడ్చి ఉంటే ఏం చేయాలో నాకు తెలిసేది. చేతులు కడుక్కుని వచ్చి మెకానిక్కుకు చాయ్ ఇచ్చింది. అతను తలెత్తకుండా తాగాడు.

కారు కొనడానికి చెంగిచెర్ల నుంచి ఒకాయన వచ్చాడు. కొత్తగా ఇల్లు కట్టుకున్నాడట, హుషారుగా ఉన్నాడు. వదిన రెండు తాళాలూ ఆయన చేతిలో పెట్టింది.

"తాళానికి ఏం చుట్టకుండ్రి. చుడ్తె స్టార్టు గాదు."

"అట్లెట్లమ్మా?" ఆయన నవ్వాడు. "మా ఇంటామె ఊకుంటదా? ఎల్లుండే పూజ. నిమ్మకాయలో, గవ్వలో, ఏదో ఒకటి కట్టకుంట నన్ను ఎక్కనియ్యది."

"ముందట బంపర్‌కు కట్టుకోమను," అంది వదిన. "తాళానికి వద్దు. ఆమెకు మీరు చెప్పకుండ్రి. ఫోన్ కలిపి ఇయ్యుండ్రి, నేనే చెప్త."

ఆయన నవ్వు ఆపి నా వైపు చూశాడు. కలపమన్నాను. వదిన ఫోను తీసుకుని గేటు దగ్గరికి నడిచింది. అక్కడ చాలాసేపు మాట్లాడింది.