వెన్నెల కోసం ఆపిన వెల్ల

భర్త పోయాక మా పిన్ని యవ్దోఖాకి వెల్ల వేయడమే బతుకుతెరువు. నదికి ఇటువైపు పాతిక ఇళ్ళలో ఆమె కుంచె పడని గోడ లేదు. చర్చిలో త్రిత్వ పండగనాటికి ప్రతి ఇల్లూ తెల్లగా ఉండాలి; ఆ ముందు వారమంతా ఊరి ఇళ్ళకి వేసి, చివరికి తన ఇంటికి వేసుకునేది.

ఆ ఏడు పీటర్స్‌బర్గ్ నుంచి ఒక చిత్రకారుడు దిగాడు. వెన్నెల్లో మా ఊరి బొమ్మ వేస్తాడట. రెండు రాత్రులు ఏటి అవతల కూర్చుని చూసి, మూడోనాడు పిన్ని గుమ్మంలోకొచ్చాడు.

"అమ్మా, నీ గోడ మీది వాన చారలే నా బొమ్మకి ప్రాణం. నేను ముగించేదాకా వెల్ల వేయకు."

టోపీ తీసి మరీ అడిగాడు. ఆమె ముందు టోపీ తీసిన మగాడు మా ఊళ్ళో లేడు. సరేనంది. అక్కడే తప్పు చేసింది.

శుక్రవారానికి ఊరంతా తెల్లబడింది. పిన్ని ఒకచోట నిలవలేకపోయింది. తెల్లమట్టి నానబెట్టింది, పారబోసింది, మళ్ళీ నానబెట్టింది. పక్కింటి హాప్కా కంచె మీద చేతులు పెట్టి నవ్వింది.

"ఏమే, ఊరందరి మొహాలూ కడిగి నీ మొహం మరిచావా? దొరగారికి మురికే ముద్దొచ్చిందా?"

"నోరు ముయ్యవే. నీ పొయ్యి మసి ఇంకా నా గోళ్ళలోనే ఉంది."

"నవ్వులాట కాదే యవ్దోఖా. సొంత గోడ అలా ఉంచుకున్నదాన్ని ఇకమీదట ఎవరు పిలుస్తారు?"

శనివారం తెల్లవారకముందే పిన్ని నన్ను లేపింది. నేను నీళ్ళు మోశాను, ఆమె వేసింది. సాయంత్రం చిత్రకారుడు వచ్చి గోడ చూసి కేక పెట్టాడు.

"అంతా పాడుచేశావు!"

"రేపు పండగ బాబూ. నా ఇల్లు దేవుడి ముందు నిలబడాలి, మీ ముందు కాదు."

అతను రంగుల పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు.

చలికాలంలో కూలికి ఖార్కివ్ పట్నం పోయినప్పుడు అక్కడి బొమ్మల ప్రదర్శనలో ఆ బొమ్మ చూశాను. చుట్టూ ఇళ్ళన్నీ వెన్నెల్లో తెల్లగా మెరుస్తున్నాయి. నడుమ పిన్ని ఇల్లొక్కటే చారలు కట్టి ఉంది. ఆ బొమ్మ ముందు నిలబడి పట్నం పెద్దమనుషులు గుసగుసలాడుకుంటున్నారు: "ఎంత ప్రశాంతం!"

ఊరికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను.

"హాప్కా ఇల్లు?" అంది పిన్ని.

"తెల్లగా ఉంది."

"ఎంతమంది చూస్తార్రా ఆ బొమ్మని?"

"వేలమంది."

కిటికీ దాకా వెళ్ళింది. తలుపు దాకా వచ్చింది. మళ్ళీ కిటికీ దగ్గరికే వెళ్ళింది.

"నేను వెల్ల వేశానని వాళ్ళందరికీ ఎవరు చెబుతార్రా, ప్రోకిప్?"