రఫియా తప్పుల పాఠం

రఫియా పుట్టింది మైలార్‌దేవ్‌పల్లిలో. చిన్నప్పటి నుంచి ఆమె చెప్పే మాటల్లో సగమే నిజమని ఇంట్లో అందరికీ తెలుసు. మిగతా సగం కోసమే చుట్టూ చేరేవారు. పెళ్లయి శంషాబాద్ వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. జాకెట్లకు కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు పనైపోయినా ఆమె కుట్టుమిషన్ దగ్గర నుంచి కదిలేవారు కాదు. భర్త బర్కత్ ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేస్తాడు. మాట తక్కువ. ఎవరేం చెప్పినా నమ్మేస్తాడు.

వాళ్ల కూతురు ఇల్మాకు తొమ్మిదేళ్లు. బడిలో తెలుగు పాఠం నిలబెట్టి చదివిస్తే ఒక్కో అక్షరం కూడబలుక్కునేది. వెనక బెంచీల వాళ్లు నవ్వేవారు. కొన్నాళ్లకు రోజూ పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది. దవాఖానలో ఏమీ లేదన్నారు. ఆదివారం మాత్రం ఆ నొప్పి రావడం లేదని రఫియా కనిపెట్టింది. బడి మాన్పించి ఇంట్లోనే చదివించడం మొదలుపెట్టింది. లెక్కలు, సైన్సు సాఫీగానే సాగాయి. తెలుగు పుస్తకం తెరిస్తే చాలు, పిల్ల మాయం.

బర్కత్ అక్క జవేరియా పాతబస్తీలో టీచరు. తను 'ఆపా' అని పిలిచే ఆ ఆడపడుచునే సలహా అడిగింది రఫియా.

"ముందు వ్యాకరణం రావాలి రఫియా. అదొస్తే చదవడం దానంతటదే వస్తుంది" అని ఆమె ఒక పుస్తకాల కట్ట పంపింది.

ఇల్మా ఒక వాక్యం మొదలుపెట్టేది. పైన విమానం మోత వినపడగానే వేలెత్తేది.

"అది పోనీ అమ్మీ, నా సదువు నాకే వినబడ్తలేదు."

విమానం పోయాక, "యాడ ఆపిన్నో మర్చిపోయిన. మళ్ల మొదటికెళ్లి షురూ జేస్త" అనేది. శంషాబాద్‌లో విమానాలకేం కొదవ? ఎన్ని రోజులైనా మొదటి విభక్తి దాటలేదు.

తర్వాత ఫోన్లో ఎవరో మెచ్చుకోగా చూసి, అక్షరాల స్టిక్కర్లున్న పెట్టె ఒకటి తెప్పించింది. ఇల్మా వాటన్నిటినీ ఇంట్లో కనపడిన ప్రతిదానికీ అంటించింది. బర్కత్ హెల్మెట్ మీద 'ఙ' పెట్టుకుని డ్యూటీకి వెళ్లొచ్చాడు. ఆ అక్షరం ఎవరికైనా పనికొచ్చింది ఆ ఒక్కసారే.

మూడోది నీతికథల పుస్తకం. ప్రతి కథ చివర ఒక పేజీ నిండా ప్రశ్నలు.

"ఈ కథకెల్లి ఏం తెల్సుకున్నవ్?" అని అడిగింది రఫియా.

"కథ సదివితే ఎన్క ప్రశ్నలొస్తయని తెల్సుకున్న."

రఫియాకు కోపం రాబోయి నవ్వొచ్చింది. కత్తెర తీసి ప్రశ్నల పేజీలన్నీ కత్తిరించడం మొదలుపెట్టింది.

"ఏం జేస్తున్నవ్ అమ్మీ?"

"కథల తోకలు కోస్తున్న. ఇగ నువ్వు సదవకు. నేనే సదువుత, ఊకె విను."

కథ చప్పగా ఉంది. నాలుగో వాక్యానికల్లా రఫియా పాత బుద్ధి ఊరుకోలేదు. "పావురం బాయి కాడ కూసొని బిర్యానీ తినబట్టింది" అని చదివింది.

ఇల్మా లేచి కూర్చుంది. "పావురం బిర్యానీ తింటదా?"

"గట్లనే రాసుంది."

"అబద్ధం!"

"అయితే సూపియ్యి, ఏడుందో అబద్ధం."

ఇల్మా పుస్తకం లాక్కుంది. అక్షరాల కింద వేలు పెట్టి మెల్లగా నడిపింది. "గిం... గింజలు. గింజలమ్మీ! బిర్యానీ కాదు! దొరికిపోయినవ్!" అని మంచమెక్కి గెంతింది. తెలుగు పుస్తకం ముందు ఆమె నవ్వడం అదే మొదలు.

మర్నాడే రఫియా ఆరాంఘర్‌లో పాత పుస్తకాల బండి దగ్గరికి వెళ్లింది. ఏ తరగతికని అడిగాడు బండి అతను.

"తరగతిది కాదన్నా. అబద్ధాలు పట్టుకునే పుస్తకం గావాలె."

"గసుంటివి లేవక్కా. లీడర్ల జీవితాలున్నయ్, ఇయ్యాల్నా?"

వద్దని, అక్కడే నిలబడి వెతుక్కుంది. పెద్ద అక్షరాలుండాలి, చివర ప్రశ్నలుండకూడదు, చదివితే ముందు తనకే నవ్వు రావాలి. అలాంటివి నాలుగు దొరికాయి.

ఇంట్లో ఆట మొదలైంది. పేజీకొక అబద్ధం. పట్టుకుంటే తర్వాతి పేజీ ఇల్మాది. ఆమె అబద్ధం కలపాలి, తల్లి పట్టుకోవాలి. దొరక్కుండా కలపాలంటే అసలు వాక్యం ముందుగా చదువుకోక తప్పదు. ఆ సంగతి రఫియా కూతురికి చెప్పలేదు. ఒక్కోసారి మాత్రం, ఇది చదువా, తన పిచ్చా అని ఆమెకే గుబులు పుట్టేది.

ఒకరోజు మేనత్త జవేరియా వచ్చి, ఇల్మా చేతికి కథల పుస్తకమిచ్చి చదవమంది. రఫియా కుట్టుమిషన్ ఆపేసింది.

"రాజుగారి మీసం తప్పిపోయింది. భటులు అడవంతా వెతికారు" అని తొణక్కుండా చదివింది ఇల్మా.

"మీసమేమిటే? గుర్రం! సరిగ్గా చూడు."

"అయితే మీరే సదువుండ్రి ఫుప్పూ."

జవేరియా కళ్లజోడు సర్దుకుని టీచరు గొంతుతో గబగబా చదివింది. పేజీ తిప్పబోతుంటే ఇల్మా చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒక లైను మింగిండ్రు ఫుప్పూ. 'గుర్రం వంటింట్లో క్యారెట్లు నములుతోంది.' అసలు మజా అండ్లనే ఉంది."

జవేరియా చూసుకుంది. నిజమే. కళ్లజోడు తీసి తుడుచుకుంది. తర్వాత ముగ్గురూ నవ్వారు.

"ఏ సిలబస్ ఇది?" అని అడిగింది జవేరియా.

"ఇంక పేరు వెట్టలే ఆపా" అంది రఫియా.

ఇల్మా ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతుంది. కానీ తండ్రి డ్యూటీ నుంచి రాగానే ఒక కథ చదివి వినిపించందే వదలదు. బర్కత్ కార్గోలో స్నేహితులకు ఆ కథలన్నీ చెబుతాడు. పూర్వం ఒక రాజు తన ఒంటెకు టికెట్ కొని విమానమెక్కించాడని ఆయన గట్టిగా నమ్ముతున్నాడు.