మీరు పట్టుకోండి, నాకేం తొందర

తొంభైల్లో గుణదలలో మేం అద్దెకు దిగిన వాటాల ఇంటికి కుళాయి ఒక్కటే. పొద్దున్నే కాసేపు వచ్చి ఆగిపోయేది. ఆడవాళ్లు బిందెలతో మూగితే నేను గుమ్మంలోంచే, "మీరు పట్టుకోండి, నాకేం తొందర లేదండీ" అనేదాన్ని. వాళ్లంతా లోపలికెళ్లాక, ధార సన్నబడ్డాక నా బిందె పెట్టేదాన్ని.

ఆ మాటలు మా అమ్మవి. పామర్రు దగ్గర మా ఊళ్లో మంచినీళ్ల చెరువులోకి మా పేటవాళ్లు దిగకూడదు. గట్టున కుండ పెట్టుకుని నిలబడితే, దిగినవాళ్లెవరికైనా దయ పుట్టి పోయాలి. "మీ పని కానివ్వండమ్మా, మీ తర్వాతే మేము" అని అమ్మ నవ్వుతూ అనేది. తొందరపడ్డవాళ్ల కుండ ఖాళీగా ఇంటికొచ్చేది. నాకు చదువు అబ్బలేదు గానీ ఆ మాటలు మాత్రం బాగా ఒంటబట్టాయి.

విజయవాడలో మేమున్న మొదటి ఇంట్లో, మాది ఏ పేటో తెలిసిన నెలలోనే ఖాళీ చేయించారు. అందుకే ఇక్కడ మరీ ఒదిగి ఉన్నాను. పిల్లల బడి పక్కవీధిలోనే. ఈ ఇల్లు పోకూడదు.

తీరా నా ఒదుగుడే అనుమానం తెచ్చిపెట్టింది. పక్కవాటాలో మిషను కుట్టే ఆవిడ ఓరోజు ఇంటి ఓనరమ్మతో నాకు వినపడేలా అంది:

"ఈవిడది మంచితనమనుకుంటున్నారా పిన్నిగారూ? మొదటొచ్చే తుప్పునీళ్లు మనకీ, తేటనీళ్లు ఆవిడకీ! పామర్రు తెలివంటే ఏమనుకున్నారు?"

"అదా సంగతి! పాపం కాళ్లనొప్పులేమో అనుకున్నానే" అంది ఓనరమ్మ.

మర్నాడు కుళాయి బుసబుసమని ఎర్రనీళ్లు కక్కింది. ఒక్కరూ బిందె పెట్టలేదు.

"మీరు పట్టుకోండి పిన్నిగారూ."

"అబ్బే, నువ్వు కానివ్వు."

"నాకేం తొందర లేదండీ" అని మిషనావిడ నాలాగే సాగదీసింది. అందరూ ఒకటే నవ్వు. నీళ్లన్నీ కాలవపాలు. ఓనరమ్మ నా వైపు తిరిగి, "ఇవాళ నువ్వే ముందు. పట్టమ్మా, చూద్దాం" అంది.

ఏం చూస్తారు? నా తర్వాత ఎవరు బిందె పెడతారో, ఎవరు పెట్టరో అదా? మాది ఏ పేటో ఎవరో చెప్పేశారేమో. బిందె పెట్టి పట్టాను. నా వెనక మిషనావిడ వచ్చింది. బిందె పెట్టకుండా కొబ్బరిపీచు తీసి, కుళాయి మూతిని బరబరా తోమి, కడిగి, అప్పుడు పట్టుకుంది.

ఆ పూట మావారికి జరిగింది చెప్పి, "మళ్లీ ఇల్లు వెతుక్కోవాలి" అన్నాను.

"తుప్పు వదలగొట్టిందేమోనే."

"మీరెప్పుడన్నా నీళ్ల దగ్గర నిలబడ్డారా?" అన్నాను.

ఆ మర్నాడు ముందే వెళ్లి నిలబడ్డాను. ఆవేళ ఓనరమ్మ మొదట పట్టుకుంది. నేను పక్కకు జరిగి, "మీరు పట్టుకోండి" అన్నాను మిషనావిడతో. మర్యాదకు కాదు, చూద్దామని.

"మళ్లీ మొదలెట్టారూ?" అంటూనే ఆవిడ పీచు తీసి కుళాయి తోమింది. ఓనరమ్మ తర్వాత కూడా!

"రోజూ తోముతారాండీ?"

"తోమకపోతే ఎలాగమ్మా? పిన్నిగారు కట్టెలపొయ్యి మీద పెట్టే బిందె ఇక్కడికి తెస్తారు. మసంతా కుళాయికే."

"నా బిందె నీ నోటికంటే శుభ్రమేలే" అంది ఓనరమ్మ.

నవ్వొచ్చింది. కానీ నేను చూస్తున్నానని తెలిసే అలా చేసిందేమో అని మనసులో ఓ మూల పీకుతూనే ఉంది. నా బిందె పెట్టాను. సగం నిండిందో లేదో ఓనరమ్మ మెల్లగా అడిగింది: "ఇంతకీ ఊళ్లో మీది ఏ వైపమ్మా?"

అమ్మయితే నవ్వి ఊరుకునేది. నేను బిందె మీంచి చెయ్యి తియ్యకుండా, "చెరువులోకి దిగనివ్వని వైపండీ" అన్నాను.

ఆవిడ నా బిందె నిండేదాకా చూసి, "అలాగా" అంది. అంతే.

ఖాళీ చెయ్యమంటుందని నెలల తరబడి ఎదురుచూశాను. అనలేదు. పిల్లల బడి పూర్తయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాం. మంచి మనిషనే చెప్పుకోవాలి. కాకపోతే, ఆ రోజు నుంచి నేనెంత ముందు వచ్చి నిలబడ్డా ఓనరమ్మ నాకంటే ముందే పట్టుకునేది; ఒక్కసారి కూడా నా తర్వాత బిందె పెట్టలేదు.