వీపు మీద ఎర్రమట్టి గుర్తు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పళ్ళకు చాలా విలువ ఉండేది. మా పళ్ళకు కాదు, గొర్రెల పళ్ళకు. మా తాత గొర్రె గడ్డం పట్టుకుని, కింది పెదవి లాగి, పెద్ద పళ్ళు రెండొచ్చాయా నాలుగొచ్చాయా అని చూసి వయసు చెప్పేవాడు. పళ్ళు అరిగి ఊడిపోయిన గొర్రె సరిగ్గా మేయలేదు కాబట్టి దాన్ని కటికవాళ్ళకు అమ్మేసేవాళ్ళు. అమ్మినవి మందలో కలిసిపోకుండా వాటి వీపు మీద తడి ఎర్రమట్టితో గుర్తు పెట్టేవాళ్ళు. ఈ సంగతి మా పల్లెలో నడక రాని పిల్లలకు కూడా తెలుసు.

నాకప్పుడు ఆరేళ్ళు. పళ్ళు తోముకోమంటే చాలు, ఎక్కడలేని కడుపునొప్పి వచ్చేది. అమ్మ చేతిలో బొగ్గుపొడి పెడితే కాస్త పెదవులకు పూసుకుని, పుక్కిలించి, తోమేశానని గొంతెత్తి చెప్పేదాన్ని. మూతి నల్లగా ఉంటే ఎవరైనా నమ్మాల్సిందేనని నా తెలివి. అమ్మ తిట్టి తిట్టి విసిగిపోయింది.

ఒకరోజు పొద్దున నాగలమడిక వైపు నుంచి గొర్రెల వ్యాపారి వచ్చాడు. దొడ్డిలో ఒక్కొక్క గొర్రె నోరూ చూసుకుంటూ వస్తున్నాడు. మా తాతకు ఏం బుద్ధి పుట్టిందో, నన్ను రెక్క పట్టుకుని లాక్కొచ్చి ఆ వరసలో నిలబెట్టాడు. "దీన్ని గూడా చూడప్పా" అన్నాడు. వ్యాపారి కొంచెం కూడా నవ్వకుండా నా నోరు తెరిపించి, ముక్కు మూసుకున్నాడు. "ఇది ముసల్దప్పా. పండ్లన్నీ పోతా ఉండాయి. కటికోళ్ళకే" అని నా వీపు మీద ఎర్రమట్టి గుర్తు పెట్టి, పక్క గొర్రె దగ్గరికి పోయాడు.

ఆ గుర్తు పడ్డ గొర్రె ఒక్కటి కూడా తిరిగిరావడం నేను చూడలేదు. అదీ పెట్టించింది ఎవరు, నన్ను భుజాల మీద మోసిన మా తాత! ఏడవడం కూడా మరిచిపోయాను. ఇంటి వెనక్కి పరుగెత్తి, అమ్మ గిన్నెలు తోమే ఇటుకపొడి పిడికెడు తీసుకుని, చిగుళ్ళు మండేదాకా రుద్దాను. ఉమ్మితే రక్తం. ఆ రక్తంలో ఒక పన్ను.

పన్ను ఊడిందంటే ఇంకేముంది, అయిపోయింది. ఎవరికీ చెప్పలేదు. ఆ పన్ను పిడికిట్లో పట్టుకుని, నా అంతట నేనే దొడ్డిలోకి పోయి, గుర్తు పెట్టిన గొర్రెల మధ్య నిలబడ్డాను.

గొర్రెలను తోలి పంపడానికి తాత వచ్చాడు. నన్ను చూసి నవ్వబోయాడు. మూతి మీద రక్తం చూసి, పిడికిలి విప్పి చూసి, అక్కడే కూలబడ్డాడు. "నిన్నెట్ల అమ్ముతానే, నా తల్లీ! తమాషాకి చేసినానే" అంటూ తలగుడ్డ తడిపి నా మూతి తుడిచాడు. దాంతోనే వీపు మీది గుర్తు పూర్తిగా పోయేదాకా తుడిచాడు. పాలపన్ను ఊడితే గట్టి పన్ను వస్తుందని, అది ముసలితనం కాదని అప్పుడు చెప్పాడు.

మరుసటి రోజు పొద్దున రెండు వేపపుల్లలు తెచ్చాడు, ఒకటి నాకు, ఒకటి తనకు. కొస నమిలి మెత్తగా చేసి, ఎలా రుద్దాలో తన నోట్లోనే చూపించాడు. ఆయనకు మిగిలినవి ఏడెనిమిది పళ్ళు. నేను తోమినంతసేపూ వాటినే తోముకుంటూ నా పక్కన కూర్చునేవాడు. తర్వాత నా నోరు చూసి, "రెండు పండ్ల గొర్రె, మంచి వయసుది. దీన్ని అమ్మను" అనేవాడు. ఆ మాట వినడానికే నేను రోజూ తోముకునేదాన్ని.

మా పల్లె క్యాతగానచెర్లులో మేము గొర్రెలు మేపిన నేలంతా ఇప్పుడు సోలార్ పలకలే. నా మనవరాలికి నాలుగేళ్ళు. బ్రష్ చూస్తే మంచం కిందికి దూరుతుంది. మొన్నొకరోజు మా కోడలు దాన్ని సూదిమందు పేరు చెప్పి బెదిరించబోతే, నేను ఎన్నడూ లేనంత గట్టిగా అరిచేశాను. కోడలు బిత్తరపోయింది. నేనూ బిత్తరపోయాను. ఇన్నేళ్ళయినా ఆ తడిమట్టి చల్లదనం నా వీపును వదల్లేదు.

ఇప్పుడు రోజూ పొద్దున, మా కొడుకు ఆ సోలార్ పలకలు కడిగే పనికి బయలుదేరే వేళకు, మేమిద్దరం రెండు బ్రష్‌లు పట్టుకుని కొళాయి దగ్గర కూర్చుంటాం. మా తాత చెప్పే మాట దానికీ చెప్పాను. అది నురగ ఉమ్మేసి, నోరు బార్లా తెరిచి, "అవ్వా, అమ్ముతావా?" అని అడుగుతుంది.

"అమ్మనే, నా తల్లీ" అంటాను. అది బాగా తోమినా తోమకపోయినా, ఆ మాట చెప్పడానికి ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యను.