గుడ్డ కింద మెరిసిన గొలుసు

నమ్మకపోతే మానెయ్యండి. ధూల్‌పేట్‌లో, మా ఇంట్లో, నా కళ్ల ముందే జరిగింది. నోటితో చెబితే అందరూ నవ్వారు. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

డెబ్బైలలో మా పైగదిలో విమల అద్దెకుండేది. యూనివర్సిటీలో రీసెర్చి. తగరం, భాస్వరం ఉన్న ఏదో పదార్థం చేసేది. అందులో అణువులు గొలుసులా అల్లుకుంటాయట. ఆ గొలుసు మెలికలు తెలియాలంటే ఒక్క మంచి స్ఫటికం దొరకాలి, దానికి ఎక్స్‌రే తీయాలి. ఎన్నిసార్లు చేసినా పిండే వచ్చేది. రీసెర్చి చేయించే సారు పెట్టిన గడువు దగ్గరపడింది. ల్యాబు పక్కన లారీల అదురుకు స్ఫటికం కట్టడం లేదని, ఆ ద్రావణం ఉన్న సీసాను తెచ్చి మేం గణపతి విగ్రహాలు చేసి ఆరబెట్టే గదిలో, గూట్లో పెట్టింది.

"పెద్దమ్మా, గిదే ఆఖరుది. ఎవ్వలూ ముట్టద్దు."

"గణపతికే కావలి ఉంటున్న. నీ సీసాకు ఉండనా బిడ్డా?"

కన్ను తెరవని, అంటే కళ్లు ఇంకా దిద్దని విగ్రహానికి మేం గుడ్డ కప్పుతాం. సీసాకూ కప్పాను. గుమ్మంలో పడుకున్నాను.

రాత్రి కరెంటు పోయింది. తడిమట్టి వాసన... అంతే.

టిక్.

ఎలుకేమో అనుకున్నాను. మళ్లీ... టిక్. గూట్లోంచే. గుడ్డ కింద నీలి వెలుగు. సూదిమొనంత. ఆరింది. పక్కనే, కాస్త పైన, ఇంకొకటి. టిక్. మళ్లీ కింద... మళ్లీ పైన... చీకట్లో ఎవరో ముగ్గు చుక్కలు పెడుతున్నట్టు. వరుస ఒక చోట పక్కకు మలుపు తీసుకుంది... ఎటు పోతుందో అని మెడ చాచాను...

భగ్గున బల్బు వెలిగింది. అంతసేపు రాని కరెంటు అప్పుడే రావాలా! పరుగెత్తి బల్బు ఆర్పాను. వట్టి చీకటి.

తెల్లారి విమల గుడ్డ తీసింది. సీసా అడుగున పొడుగాటి స్ఫటికం, అద్దం ముక్కలా! కేక వేసింది. సూదితో ఎత్తబోతే... పిండి అయిపోయింది.

"ముట్టుకున్నవా పెద్దమ్మా?"

"నా పిల్లల మీద ఒట్టు. ముట్టలే."

మెరుపుల సంగతి చెప్పి, ఆ చుక్కల వరుసను మలుపు దాకా నేల మీద సుద్దతో గీశాను. చాలాసేపు చూసింది.

"గొలుసు గిట్లనే ఉంటదని నేను గూడ అనుకున్న. గని దయ్యం సాక్ష్యమంటే మా సారు ఒప్పుకుంటడా?" నవ్వబోయి ఏడ్చేసింది.

ఆ పదార్థం మెరవదని కూడా తనే చెప్పింది. నెల తిరక్కుండా చదువు మానేసి వెళ్లిపోయింది.

ఆ గదిలో బల్బు పీకేశాను. విమల వదిలేసిపోయిన ఖాళీ సీసా మీద గుడ్డ కప్పి ఎన్ని రాత్రులు కూర్చున్నానో. టిక్కుమనదు. ఆ మలుపు దాకా ఇప్పటికీ గీయగలను. అక్కణ్ణుంచి ఎటో...