టవల్ కింద చెయ్యి

శ్రీనివాసపురం మండీలో మామిడికాయల ధర నోటితో చెప్పరు. టవల్ కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని తేల్చుకుంటారు. నలుగురి ముందర పైకి అడిగేవాణ్ణి మా నాయన మనిషి కిందే లెక్కపెట్టడు. అట్లాంటాయన ఒక చౌక టాబ్లెట్ కొని, తోట ఫోటోలు, వ్యాపారుల నంబర్లు అన్నీ దాంట్లోనే పెట్టుకున్నాడు. దాన్నిండా కొన్నప్పుడే వచ్చిన యాప్‌లు. అవి ఎవరికేం పంపుతుండాయో దేవుడికే తెలియాల. నాకు ఒళ్లు మండి, మన సంగతులు బయటికి పోనియ్యని వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడానికి కూర్చున్నాను.

ఫోటోలు, నంబర్లు కాపీ తీసుకుని పాతదంతా తుడిచేసినాను. తెర నల్లబడి అట్లే నిలిచిపోయింది. ఇప్పుడు కంప్యూటర్‌కి తగిలించిన కేబుల్ కదిలినా, కరెంటు పోయినా ఇంగ అది వట్టి పలకే. నాయన నా నెత్తిమీదే నిలబడి, "ఏమైంది పాపా, చెడగొట్టినావా" అంటాండాడు.

"కొంచేపు మాట్లాడద్దు నాయనా" అని కసిరినాను.

ఎట్లనో తెర వెలిగింది. నాయన లాక్కుని మ్యాప్ తెరిచినాడు. నువ్వు యాడుండావో చూడొచ్చా అని అది అడిగింది. కెమెరా తెరిస్తే, ఫోటో తీయొచ్చా అని మళ్లీ అడిగింది. ఆయన మొహం మాడిపోయింది.

"బుద్ధిలేని దాన్ని తెచ్చిపెట్టినావే. అన్నీ పైకే అడుగుతాండాది. పాతది ఒక్కమాటన్నా అడిగిందా?"

"అడగలేదు నాయనా. అడక్కుండానే తీసుకునేది."

ఆయన కూర్చుని, భుజం మీది టవల్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అయితే ఇన్నాళ్లూ ఈ టవల్ కింద దాని చెయ్యి గూడా ఉండిందా" అన్నాడు.