పేరు అడగని మనిషి

దర్శిలో చిన్న గది అద్దెకు తీసుకుని, పేరు చెప్పకుండా రాసే మాలాంటివాళ్ళ బ్లాగులను ఆయన తన సర్వర్లో నడిపేవారు. ఏ పని మొదలుపెట్టినా ముందు బ్యాకప్ తీసుకునేవారు. "రాసింది పోతే మళ్ళీ రాయలేమమ్మా," అనేవారు.

నకిలీ మిరప విత్తనాల గురించి నేను మారుపేరుతో రాసిన వారానికి, ఇద్దరు మనుషులు ఫోన్‌లో నా వ్యాసం చూపిస్తూ ఆ గదికి వచ్చారు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను.

"ఇది రాసిందెవరండీ?"

"రాసేవాళ్ళ పేర్లు నేనడగనండి," అన్నారాయన, నావైపు చూడకుండా.

"అడిగి ఉంచండి. మళ్ళీ వస్తాం," అని నవ్వుతూ వెళ్ళిపోయారు.

ఆయన నా బ్లాగంతా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి నా చేతిలో పెట్టారు. "ఇక ఇటు రావద్దమ్మా. అవసరమైతే నేనే వస్తాను."

మూడో రోజు బ్లాగులన్నీ ఆగిపోయాయి. మధ్యాహ్నం ఆయన భార్య ఫోన్ చేసింది.

"పొద్దున మీ ఇంటికనే బయల్దేరారమ్మా. ఇంకా అక్కడే ఉన్నారా?"

ఆయన మా ఇంటికి రానేలేదు.